లాసన్స్ బేలో సీసీ కెమెరాలు: చీకటి పడితే వీడియో లాస్, వారం తిరక్కుండానే చెరిగిపోతున్న రికార్డింగు

ప్రశ్న: లాసన్స్ బే నివాసి

అందరికీ నమస్కారం. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న మా అపార్ట్‌మెంటుకు ఈ ఏడాది నేను అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నాను. సీసీ కెమెరాల విషయంలో మా సభ్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు కనుక, పని తెలిసినవారి సలహా కోసం వివరంగా రాస్తున్నాను.

మాకు రెండేసి మెగాపిక్సెళ్ళ అనలాగ్ కెమెరాలు ఎనిమిది ఉన్నాయి. ఎనిమిది ఛానెళ్ళ డీవీఆర్ (రికార్డింగు చేసే పెట్టె), అందులో ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు వాచ్‌మన్ గదిలో ఉన్నాయి. అన్నిటికీ 3+1 కేబులే (వీడియో తీగ ఒకటి, మరో మూడు సన్నని తీగలు ఒకే తొడుగులో ఉండేది) లాగారు. కరెంటు కూడా ఆ గదిలోనే ఉన్న 12 వోల్టుల, 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే పెట్టె) నుంచి వెళుతుంది. లిఫ్టు దగ్గర, పార్కింగులో ఉన్నవాటితో ఇబ్బంది లేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఉన్న కెమెరా, వెనుక ప్రహరీ మీద ఉన్న కెమెరా మాత్రం పగలంతా చక్కగా చూపించి, చీకటి పడగానే వీడియో లాస్ (బొమ్మ అందడం లేదు) అంటాయి. ఒక్కోసారి బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది. తెల్లారాక రెండూ మామూలే. గేటు దగ్గర ఉన్న డోమ్ (గుండ్రటి మూత ఉన్న) కెమెరా ఆరిపోదు గానీ, రాత్రిపూట దాని బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది.

సర్వీసుకు వచ్చిన కుర్రవాడు మేడ మీది కెమెరాను మార్చాడు. కొత్తది కూడా ఆ రాత్రే ఆరిపోయింది. ఇక లాభం లేదు, మొత్తం తీసేసి ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచేవి) పెట్టించుకోండి అని అతని మాట. ఇది ఇలా ఉండగా, సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చిన ఒక కుటుంబం తమ స్కూటరుకు దెబ్బ తగిలిందని చెప్పేసరికి ఆ రోజు రికార్డింగు డిస్కులో లేదు. ఆరు రోజులకు మించి వెనక్కి వెళ్ళడం లేదు. డీవీఆర్ గడియారం ఇరవై నిమిషాలు ముందుంది. ఇంటర్నెట్ కనెక్షన్ మార్చిన తరువాత ఫోనులో కెమెరాలు కనిపించడం మానేశాయి. వీటిలో ముందు దేనిని చూడాలి, నిజంగా అన్నీ మార్చవలసిందేనా, దయచేసి చెప్పగలరు.

జవాబు: మద్దిలపాలెం మెకానిక్

కార్యదర్శి గారూ, పగలు పనిచేసి రాత్రి ఆరిపోయే కెమెరాను మార్చే ముందు, దాని దగ్గరికి చేరుతున్న కరెంటును చూడాలి. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. అంతవరకూ పావు ఆంపియరుతో సరిపెట్టుకున్న కెమెరా అర ఆంపియరు పైన లాగడం మొదలుపెడుతుంది. అర చదరపు మిల్లీమీటరు మందం ఉన్న అసలైన రాగి తీగనే తీసుకుని, దూరం 60 మీటర్లనుకుంటే, పోను రాను 120 మీటర్ల తీగకు నిరోధం సుమారు 4 ఓములు ఉంటుంది. పావు ఆంపియరు దగ్గర తీగలో పోయేది ఒక వోల్టే, 0.6 ఆంపియరు దగ్గర రెండున్నర వోల్టులు పోయి కెమెరాకు తొమ్మిదిన్నర మాత్రమే మిగులుతుంది. కెమెరా ఆరిపోతుంది, ఆరిపోగానే భారం తగ్గి వోల్టేజి పెరుగుతుంది, మళ్ళీ లేస్తుంది, దీపాలు వెలుగుతాయి, మళ్ళీ పడిపోతుంది. మీరు చెప్పిన వచ్చి పోయే బొమ్మ ఇదే. పైగా 3+1 కేబుళ్ళలో తీగలు చాలావరకు ఇంతకంటే సన్నగా ఉంటాయి, చవక రకాల్లో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది కనుక నష్టం ఇంకా ఎక్కువ.

ఎస్‌ఎంపీఎస్ చాలకపోవడం వల్ల అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎనిమిది కెమెరాలూ రాత్రి లాగేది కలిపినా అయిదు ఆంపియర్లు దాటదు. అదే బలహీనపడి ఉంటే దగ్గరివీ దూరానివీ అన్నీ తడబడేవి. మీకు దూరంగా ఉన్న రెండే ఆరుతున్నాయి.

పరీక్షించే పద్ధతి ఒకటుంది, దీన్ని చాలామంది తప్పుగా చేస్తారు. కెమెరా పిన్ను ఊడదీసి, కేబుల్ చివర మీటరు పెట్టి, 12 వోల్టులు ఉన్నాయి, లైను బాగుంది అనేస్తారు. భారం లేనప్పుడు ఎంత పాడైన తీగ అయినా 12 చూపిస్తుంది. కెమెరా తగిలించి ఉండగానే, స్క్రూలు ఉన్న డీసీ కనెక్టరు దగ్గర మీటరు ముల్లులు పెట్టి, కెమెరా ముఖాన్ని నల్లగుడ్డతో మూయండి. పట్టపగలే అది రాత్రి అనుకుని దీపాలు వెలిగిస్తుంది. అప్పుడు వచ్చే అంకెను నమ్మండి.

తక్కువ వస్తే రెండు మార్గాలున్నాయి. మేడ మీద లిఫ్టు మెషిన్ గదిలో కరెంటు ఉంటుంది కాబట్టి అక్కడ ఒక మంచి 12 వోల్టుల అడాప్టరు పెట్టి ఆ కెమెరాకు అక్కడి నుంచే ఇవ్వడం ఒకటి. కరెంటుకు మాత్రం వేరుగా మందమైన రాగి వైరు లాగడం రెండవది. ఎస్‌ఎంపీఎస్‌లోని చిన్న స్క్రూను తిప్పి వోల్టేజి పెంచే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల దూరపు కెమెరా నిలబడవచ్చు గానీ, పక్కనే ఉన్న లిఫ్టు కెమెరా ఏడాది పొడుగునా అవసరానికి మించిన వోల్టేజి భరించాలి. నేను దాన్ని వైద్యంగా లెక్కించను.

ఇక మన ఊరి ప్రత్యేకత ఉప్పుగాలి. కెమెరా మీద ఐపీ66 అని రాసి ఉంటే అది దుమ్ముకూ నీటి జల్లుకూ ఇచ్చిన హామీయే గాని ఉప్పుకు కాదు. అది కూడా కెమెరా ఒంటికే తప్ప దాని తోక చివర ఉండే బీఎన్‌సీ (వీడియో), డీసీ (కరెంటు) జాయింట్లకు వర్తించదు. జాలరిపేట నుంచి సాగర్ నగర్ వరకు నేను విప్పిన పెట్టెల్లో కెమెరా బాగుండి జాయింటు పచ్చగా చిలుము పట్టినవే ఎక్కువ. చిలుము పట్టిన చోట కనెక్టరు మాత్రమే మారిస్తే చాలదు. తీగ నల్లబడినంత మేరా కోసి, లోపల మెరిసే రాగి కనబడ్డాకే కొత్తది బిగించాలి. ఆపైన సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు (తనకు తానే అతుక్కుని ముద్దయ్యే రబ్బరు టేపు) చుట్టి, జాయింటును జంక్షన్ పెట్టె లోపల ఉంచి, కేబుల్ పెట్టెలోకి కింది వైపు నుంచే ఎక్కేలా వంపు ఇవ్వండి. వాననీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి తీసుకోండి, మామూలువి మీ వీధిలో రెండు వానాకాలాలు తట్టుకోవు.

జవాబు: సీతమ్మధార నెట్‌వర్క్స్

పైన చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు. కాని అదే లెక్క ఐపీ పక్షాన కూడా మాట్లాడుతుందని గుర్తు చేయదలిచాను. పీవోఈ పద్ధతిలో కరెంటు నెట్‌వర్క్ కేబుల్ మీదనే సుమారు 48 వోల్టుల దగ్గర వెళుతుంది. ఏడు వాట్ల కెమెరాకు అక్కడ 0.15 ఆంపియరు సరిపోతుంది కనుక తీగలో నష్టం లెక్కలోకి రాదు. 802.3ఏఎఫ్ అనే పీవోఈ ప్రమాణంలో స్విచ్‌లోని ఒక్కో పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, కేబుల్ 100 మీటర్ల వరకు వెళ్ళవచ్చు. పాత కేబుల్ అంతా చిలుము పట్టి, ఎలాగూ కొత్తది లాగవలసి వస్తే, మళ్ళీ 3+1 లాగడం డబ్బు వృథా. కొత్త కెమెరాలు కొనేటప్పుడు ఒక మాట: 2024 ఏప్రిల్‌లో కేంద్రం సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది, ఏడాది తరువాత అమలులోకి వచ్చింది. ఆ ధ్రువీకరణ ఉన్న మోడలేనా అని దుకాణంలో అడగండి.

గేటు కెమెరా తెల్లదనానికి కారణం చాలావరకు డోమ్ గాజు మీద పేరుకున్న ఉప్పు పొర. కెమెరా సొంత దీపాల వెలుతురే ఆ పొర మీద పడి లెన్సులోకి తిరిగి వస్తుంది. పొడిగుడ్డతో తుడవకండి, ఉప్పు రేణువులు గీతలు పెడతాయి. ముందు మంచినీళ్ళు పోసి కడిగి, ఆ తరువాత మెత్తటి గుడ్డతో అద్దండి. గీతలు పడిపోయి ఉంటే పై చిప్ప మార్చాలి, లేదా ఆ చోట డోమ్‌కు బదులు బుల్లెట్ (గొట్టం ఆకారపు) రకం పెట్టాలి. సాలెగూళ్ళు కూడా చూసుకోండి.

రికార్డింగు సంగతి. కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్లు చొప్పున రాస్తున్నారనుకుంటే రోజుకు 21.6 గిగాబైట్లు, ఎనిమిదింటికి 173. ఒక టెరాబైట్ ఆరో రోజుకు నిండిపోతుంది. మీ డిస్కు తన పని తాను సరిగానే చేస్తోంది. 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం, నూరుమందికి తగ్గకుండా జనం చేరే దుకాణాలు, ఆసుపత్రుల వంటి చోట్ల 30 రోజుల రికార్డింగు ఉంచమంటుంది. అపార్ట్‌మెంటుకు కూడా ఆ 30 రోజులే మంచి గురి. అందుకు ఇప్పటి లెక్కన 5.2 టెరాబైట్లు కావాలి. డీవీఆర్‌లో హెచ్.265 (వీడియోను ఇంకా కుదించే పద్ధతి) ఉంటే దానికి మార్చి బిట్‌రేటు (సెకనుకు రాసే మెగాబిట్లు) సగం చేస్తే 3 టెరాబైట్ల లోపే సరిపోతుంది. డిస్కు కొనేటప్పుడు కంప్యూటరుది కాకుండా, పర్పుల్, స్కైహాక్ వంటి నిఘా రకానిది తీసుకోండి. ఎంత పెద్ద డిస్కును మీ డీవీఆర్ గుర్తిస్తుందో దాని పుస్తకంలో ముందే చూడండి.

ఫోనులో కనబడకపోవడానికి కారణం ఇలా తేలుతుంది. రౌటరులో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే, మీ కనెక్షనుకు సొంత చిరునామా లేదు, అనేకమందితో పంచుకుంటున్నారు. అప్పుడు పాత పద్ధతిలో రౌటరులో పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే ద్వారం) తెరిచినా బయటి నుంచి లోపలికి దారి ఉండదు. డీవీఆర్ తయారీదారు యాప్‌లో క్యూఆర్ కోడ్ ద్వారా జతచేసుకోవడం సులువు. సొంత చిరునామా ఉన్నా పోర్టు తెరవమని నేను చెప్పను. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతటా డీవీఆర్‌లనూ కెమెరాలనూ లోబరుచుకున్నది, తయారీలో ఇచ్చిన పాస్‌వర్డులను ఎవరూ మార్చకపోవడం వల్లనే.

లాసన్స్ బే నివాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేడ మీది కెమెరా దగ్గర పిన్ను తీసి చూస్తే 12.1 వోల్టులు, తగిలించి గుడ్డ కప్పితే 9.2. సర్వీసు కుర్రవాడు కూడా పక్కనే ఉండి చూశాడు. లిఫ్టు గది నుంచి అడాప్టరు ఇచ్చాక అది రాత్రంతా నిలిచింది. వెనుక ప్రహరీ పెట్టె విప్పితే మీరన్నట్టే జాయింటు పచ్చగా ఉంది, జానెడు కోసినా తీగ నల్లగానే వస్తోంది. ఆ ఒక్క లైనుకు ఏమి చేయమంటారు? ఇంకొకటి: స్కూటరు వ్యవహారం పోయింది గానీ, మొన్న రాత్రి పార్కింగులో పెట్రోలు తీసిన దృశ్యం దొరికింది. పోలీసులకు ఇవ్వాలంటే పద్ధతి ఏమిటి? గడియారం ముందు సరిచేయాలా?

జవాబు: మద్దిలపాలెం మెకానిక్

ఆ లైను వదిలేసి కొత్తది లాగండి. లాగేటప్పుడు మాత్రం సీతమ్మధార వారి మాట వినండి: బయట వాడదగిన క్యాట్6 కేబుల్, అసలు రాగిది, పైపులో లాగించండి. ఇప్పటికి దాని రెండు చివర్లా వీడియో బేలన్లు (అనలాగ్ వీడియోను జత తీగల మీద పంపే చిన్న అడాప్టర్లు) పెట్టుకుని పాత అనలాగ్ కెమెరానే నడపవచ్చు. ఒక జత వీడియోకు, మిగిలిన మూడు జతలూ కలిపి కరెంటుకు. రేపు ఐపీకి వెళ్ళినప్పుడు అదే కేబుల్ పనికివస్తుంది. మిగతా ఏడింటినీ అవి పాడైనప్పుడు చూసుకోవచ్చు. పీవోఈ గొప్పదే గాని, నెట్‌వర్క్ పిన్నులో ఎనిమిది సన్నని లోహపు పళ్ళు ఉంటాయి, ఉప్పుగాలికి అవి బీఎన్‌సీ కంటే ముందే లొంగుతాయి. అక్కడ కూడా జాయింటు కప్పవలసిందే.

జవాబు: ద్వారకానగర్ వకీలు

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. గడియారాన్ని ఇప్పుడే ముట్టుకోకండి. వెనక్కి తిప్పితే కొన్ని డీవీఆర్‌లలో ఆ ఇరవై నిమిషాల రికార్డింగు ఒకదాని మీద ఒకటి పడుతుంది. ముందు సంఘటనకు అరగంట ముందు నుంచి అరగంట తరువాతి వరకు ఉన్న భాగాన్ని, డీవీఆర్ ఇచ్చే అసలు ఫార్మాటులోనే, కొత్త పెన్‌డ్రైవులోకి ఎగుమతి చేయండి. తెరను ఫోనుతో తీసిన వీడియో వాట్సాప్‌లో పంపుకోవడానికి తప్ప కేసుకు పనికిరాదు. ఎగుమతి చేసే సమయంలో డీవీఆర్ చూపిస్తున్న వేళ, అసలు వేళ రెండూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులో ఉంది. పాత చట్టంలో 65బి కింద ఇచ్చే ధ్రువపత్రం ఇప్పుడు 63వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కిందికి వచ్చింది. అందులో మొదటి భాగాన్ని యంత్రం ఎవరి అధీనంలో ఉందో వారు, అంటే ఇక్కడ కార్యదర్శిగా మీరు, రెండో భాగాన్ని నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కించే గుర్తింపు సంకేతం) కూడా రాయాలి కనుక, ఎగుమతి చేసిన వెంటనే దాన్ని కంప్యూటరులో తీయించండి. ఆ తరువాత ఫైలు పేరు మారినా ఫరవాలేదు గాని, లోపల ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. ఒక ప్రతి స్టేషనుకు ఇచ్చి రసీదు తీసుకోండి, మరొకటి అసోసియేషన్ బీరువాలో ఉంచండి. ఇవన్నీ అయ్యాక గడియారాన్ని ఎన్‌టీపీకి (ఇంటర్నెట్ ద్వారా వేళ సరిచేసే సేవకు) కలిపి, కాలమండలం 5:30 అని పెట్టండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వేళ తప్పుతుంటే లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయినట్టు. చాలా డీవీఆర్‌లలో అది సీఆర్2032.

వెనుక ప్రహరీ కెమెరాను తిరిగి బిగించేటప్పుడు అది ఎదురింటి వారి కిటికీలోకి చూడకుండా, డీవీఆర్‌లో ప్రైవసీ మాస్క్ (బొమ్మలో ఆ భాగాన్ని కప్పేసే పట్టీ) గీయించండి. పెట్రోలు కేసులో మీ సాక్ష్యం తీసుకునేటప్పుడు కాదు గాని, ఆ ఇంటివారు అభ్యంతరం పెట్టినప్పుడు అది అక్కరకు వస్తుంది.