సమస్య (ఆటవెలది): రాయి కన్ను విప్పె రవిని జూచి

నిర్వాహకుడు: మా కొత్త ఫ్లాటులో మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైటు వేసుకోవాలి, ఆ ఉక్రోషంలోంచి పుట్టిన పాదం ఇది. రాయికి కన్నేటని నన్నడగొద్దు, అది మీ పని. ఎండని ఇంట్లోకో గుళ్లోకో తెచ్చిన పనితనం మీద పూరించండి, యతి తప్పితే మాస్టారు వదలరు.

ఆమదాలవలస కుర్రాడు:
అరసవల్లి గుడిని హర్షమ్ముగా జేరి
ధ్వజము దాటి కిరణధార దూరె
పాదపద్మమంటి పైకెక్క మెల్లగా
రాయి కన్ను విప్పె రవిని జూచి

మాస్టారు: ‘హర్షమ్ముగా’ యతి కోసం పెట్టావని తెలిసిపోతోంది బాబూ. పైగా లోపలున్నాయనే సూర్యుడు కదా, అసలు చమత్కారం అక్కడుంటే వదిలేశావు! మూడో పాదం ఇలా చూడు: ‘రవియె రవిని తాకి రాతికి తెలవార’.

కుర్రాడు: అబ్బ, రాతికి తెలవారడం! మార్చేస్తాను మాస్టారూ. కానీ ఆ కిరణాలు ఏడాదికి రెండుసార్లే విగ్రహం మీద ఎందుకు పడతాయి?

మాస్టారు: మార్చి 9, 10, మళ్లీ అక్టోబరు 1, 2 ప్రాంతంలో. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు మార్చి 20, సెప్టెంబరు 23 దగ్గర కదా, ఒకదానికి పదిరోజులు ముందు, ఇంకోదానికి ఇంచుమించు అన్నే రోజుల తర్వాత, రెండుసార్లూ సూర్యుడు తూర్పుకి రవ్వంత దక్షిణంగా దాదాపు ఒకే చోట పొడుస్తాడు, వాకిలీ విగ్రహమూ ఆ గీత మీద కుదిరాయన్నమాట. మబ్బేస్తే మాత్రం అంతే, నేను రెండేళ్లు ఉత్తినే తిరిగొచ్చాను.

రోము చూసొచ్చినాయన:
రోము గుడికి నడుమ రూపాయి వలె బొక్క
వాన వచ్చెనేని వచ్చు లోకి
గడియ గడియ కెండ గడియారమై జార
రాయి కన్ను విప్పె రవిని జూచి
(పాంథియన్ అండి. కప్పు నడినెత్తిన దాదాపు 9 మీటర్ల కంత, దాని పేరు ఓక్యులస్, లాటిన్‌లో కన్ననే అర్థం.)

మాస్టారు: ‘బొక్క’ సరే, దాటేస్తాను. కానీ ఆ కంటికి రెప్పేదీ? అద్దం కూడా లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటే ‘విప్పె’ ఎలా కుదురుద్ది? పైగా అది కాంక్రీటు.

రోము చూసొచ్చినాయన: కాంక్రీటులో రాయి లేదేటండీ!

విజయనగరం ఆడపడుచు:
పెంకుటింట నొక్క పెంకు గాజుదియైన
పొయ్యి పొగను పట్టి పోసె నెండ
అమ్మ సన్నికల్లు కా వెల్గు సోకగా
రాయి కన్ను విప్పె రవిని జూచి
మా పుట్టిల్లు. ఆ వెలుగు సన్నికల్లు మీదికొస్తే పదకొండైనట్టే, గడియారం చూసేది కాదు మా అమ్మ.

మాస్టారు: ‘వెల్గు’ కుదింపు నచ్చలేదు గానీ ‘పొగను పట్టి పోసె’ దగ్గర ఆగిపోయానమ్మా. వట్టి గాలిలో ఎండ కనపడదు, పొగుంటేనే దూలంలా నిలబడుద్ది. ఈ వారం నా ఓటు దీనికే.

నిర్వాహకుడు: నాదీ. నేనూ ఓ గాజు పెంకు పెట్టిద్దునా అంటే, మా నెత్తిన ఇంకా మూడంతస్తులున్నాయి.