1870లో మిత్రయూజ్ ఓడిపోయింది: తప్పు తుపాకీదా, సైన్యానిదా?

ఫిరంగిపురం: ఫ్రాన్స్‌కీ, ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికీ జరిగిన యుద్ధానికి ముందు ఫ్రెంచివాళ్లు 25 గొట్టాల మిత్రయూజ్ అనే తుపాకీ మీద బోలెడు ఆశలు పెట్టుకున్నారు. తీరా యుద్ధంలో పెద్దగా పనికిరాలేదు. నా లెక్కలో తప్పు జనరల్స్‌దే. దాన్ని ఫిరంగి అనుకుని ఆరేసి చొప్పున బ్యాటరీలు (ఫిరంగి దళాలు) కట్టి దూరంగా నిలబెట్టారు. ప్రష్యావాళ్ల క్రుప్ ఫిరంగులు అంతకన్నా దూరం నుంచే వాటిని కొట్టాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తర్వాత నింద తుపాకీ మీద పడింది.

పుస్తకాలపురుగు: ముందు అది మెషిన్ గన్నే కాదండి. హ్యాండిల్ చేత్తో తిప్పాలి. 1884లో మాగ్జిమ్ అనే ఇంజనీరు చేసినదే అసలు మెషిన్ గన్. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే శక్తితోనే ఖాళీ తూటా బయటికొచ్చి, కొత్తది ఎక్కుతుంది.

చూస్తున్నా: అయితే అమెరికా వాళ్ల గాట్లింగ్ తుపాకీ కూడా కాదా?

పుస్తకాలపురుగు: కాదు. 1862 పేటెంట్ అయినా సరే, హ్యాండిల్ హ్యాండిలే.

లేత్‌మాస్టర్: హ్యాండిల్ సంగతి పక్కన పెట్టండి. ఫ్రెంచి అధికారి రెఫీ ఈ మిత్రయూజ్‌ని పారిస్ దగ్గరి మ్యూదాన్‌లో ఎంత గుట్టుగా తయారు చేయించాడంటే, యుద్ధం వచ్చేనాటికి సరిగా నేర్చినవాళ్లే తక్కువ. 25 తూటాల పలకను వెనక పెట్టాలి, స్క్రూ బిగించాలి, హ్యాండిల్ తిప్పాలి, పలక తీసి ఇంకోటి పెట్టాలి. ఎదురుగా గుళ్లు వస్తుంటే ఇదంతా చేతికి అలవాటై ఉండాలి కదా? నేను పనిచేసిన చోట ఒక సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ తెచ్చారు. మాన్యువల్ మేనేజర్ బీరువాలో, తాళం ఆయన జేబులో. టూల్ విరిగింది. రికవరీ మాత్రం నా జీతంలోంచి. అందుకే నాకు జనరల్స్ మీదే కోపం.

ఫిరంగిపురం: అదే నేనూ అంటున్నా. 1870 ఆగస్టు 18న గ్రావలోట్ పోరులో కొన్ని మిత్రయూజ్ బ్యాటరీలు పదాతిదళానికి దగ్గరగా ఉండి ప్రష్యన్లను గట్టిగానే దెబ్బతీశాయి. తుపాకీ అదే, చోటు మారిందంతే.

పుస్తకాలపురుగు: గుళ్లన్నీ ఇంచుమించు ఒకే చోట పడేవి. ఒకే మనిషికి నాలుగైదు తగిలి, పక్కవాడు క్షేమం. ఇది డిజైన్ లోపం కాదా? మీ సీఎన్‌సీ గొడవకీ దీనికీ ఏం సంబంధం?

లేత్‌మాస్టర్: జీతం కోసినవాడికి తెలుస్తుంది సంబంధం. మీరు ఒక్కసారైనా మెషిన్ ముందు నిలబడ్డారా?

పుస్తకాలపురుగు: నిలబడలేదు, గీశాను. ఇరవై ఏళ్లుగా డ్రాయింగ్ టేబుల్ దగ్గరే ఉన్నా. పైవాళ్లే ఒక భాగం వద్దని తీయించి, విరిగాక డిజైన్ తప్పంటారు. మీరేమో డిజైన్ బాగుంది, పైవాడు చెడగొట్టాడంటారు. సామాను సిద్ధం కాకముందే యుద్ధానికి పంపితే ఆ తప్పు ఎవరిదనేది నా ప్రశ్న.

ఫిరంగిపురం: ఇద్దరూ పైవాడినే తిడుతున్నారు, మరి కొట్టుకోవడం ఎందుకు సార్?

లేత్‌మాస్టర్: మా ఇద్దరి మాటా ఒకటి కాదు. ఆయన సామాను సిద్ధంగా లేదంటున్నారు. ఉన్న సామానుతోనే మనుషుల్ని సిద్ధం చేయొచ్చని నేనంటున్నా.

చూస్తున్నా: 1876లో తాను చనిపోయిన పోరుకు వెళ్తూ అమెరికా సైన్యాధికారి కస్టర్ గాట్లింగ్‌లను వెంట తీసుకెళ్లకుండా వదిలేశాడు కదా, అది కూడా పైవాడి తప్పేనా? 😀

ఫిరంగిపురం: అక్కడ నేల అలాంటిది. గుర్రాలు లాగే బండి మీద ఎత్తుపల్లాల్లో పోవాలి, దండు ఆగి ఎదురుచూడాలి. మోయలేని బరువు కూడా లోపమే. ఈ ఒక్క విషయంలో పుస్తకాలపురుగు గారితో ఒప్పుకుంటా.

మాజీ హవల్దార్: ఇప్పుడే చదివాను. అందరూ హ్యాండిల్‌ని తిడుతున్నారు గానీ, ఒక మాట. గాట్లింగ్‌లో తూటా తుస్సుమంటే, తిప్పుతూ ఉంటే అదే బయట పడిపోతుంది, తుపాకీ ఆగదు. మాగ్జిమ్‌లో తూటా పేలకపోతే తన్నే శక్తే ఉండదు. గన్నర్ చేత్తో లాగి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

పుస్తకాలపురుగు: అది తూటా లోపం, తుపాకీది కాదు.

లేత్‌మాస్టర్: చూశారా, ఇప్పుడు నింద తూటా మీద వేశారు. రేపు ఆ తూటా ఎక్కించినవాడి మీద వేస్తారు.