సమస్యాపూరణం: "చాకొలేటు లేని సరుకె బ్రౌని"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదీ, దీన్ని చివరి పాదంగా ఉంచి ముందు మూడు పాదాలూ మీరు రాయాలి:

*చాకొలేటు లేని సరుకె బ్రౌని*

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, యతి (పాదం మొదటి అక్షరానికి జత కుదరాల్సిన అక్షరం) చా-స. శివధనుస్సులూ సీతాస్వయంవరాలూ ఈసారికి పక్కన పెట్టి వంటింట్లోకి రండి. ట్రేలో పోసి ఓవెన్‌లో కాల్చి ముక్కలుగా కోసుకునే పాతకాలపు అమెరికా మిఠాయిలు, అంటే బ్రౌనీ (మామూలుగా చాక్లెట్‌తో చేసే కేకు ముక్క), ఖర్జూరం బార్, నిమ్మ బార్ లాంటివాటి మీద ఎవరికేం తెలిసినా పద్యంలో పెట్టండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్తున్నా. చివర ప్రశ్నార్థకం తగిలించి గట్టెక్కితే పాస్ మార్కులే.

కొత్త కలం:
గురువుగారూ, చిన్న సందేహం. "సరుకె బ్రౌని"లో కె తరవాత బ్రౌ సంయుక్తాక్షరం కదా, కె గురువు అయిపోదా? అప్పుడు గణం చెడుతుంది కదండీ.

నిర్వాహకుడు:
అవదు. బ్రౌని వేరే పదం. తెలుగులో తరవాతి పదం మొదట్లో ఉన్న సంయుక్తాక్షరం వెనక పదం చివరి లఘువుని గురువు చెయ్యదు. ఒకే సంస్కృత సమాసం లోపలైతే చేస్తుంది. టెన్షన్ పడకుండా రాయండి.

కొత్త కలం:
అయితే నా ప్రయత్నం:

*నల్లగుండవలయు, నమలగా సాగాలి*
*కొరకగానె కోకొ గుప్పుమనగ;*
*ఎవరు చెప్పినారు ఈ వింత మాటను*
*చాకొలేటు లేని సరుకె బ్రౌని?*

నిర్వాహకుడు:
ఏది వద్దన్నానో అదే చేశారు! సరే, గణాలు, యతులు అన్నీ సరిపోయాయి, "కోకొ గుప్పుమనగ" బావుంది. మూడో పాదంలో "చెప్పినారు ఈ" దగ్గర సంధి జరగాలి, విడదీసి రాస్తే విసంధి దోషం. "ఎవరు చెప్పిరయ్య యీ వింత మాటను" అంటే సరిపోతుంది. వలయు, సాగాలి పక్కపక్కనే ఉంటే గ్రాంథికం ఒక కాలు, వ్యావహారికం ఒక కాలు అవుతుంది కానీ, సరదా పద్యం కాబట్టి వదిలేస్తున్నా.

మాసచూసెట్స్ అక్క:
కొత్త కలం బాబూ, ఎవరు చెప్పారని అడిగావుగా, మా ఊరి ఆవిడే చెప్పింది!

*బోస్టనందు తొల్లి పుస్తకమ్మున వ్రాసె*
*ఫ్యానియమ్మ నాడు పాకవిధము;*
*నల్లపాకమందు నలిగిన పీకాన్లు,*
*చాకొలేటు లేని సరుకె బ్రౌని.*

ఫ్యానీ ఫార్మర్ 1896లో వేసిన బోస్టన్ కుకింగ్ స్కూల్ వంట పుస్తకంలో బ్రౌనీలు అనే శీర్షిక కింద ఉన్న వంటలో చాక్లెట్ చుక్క లేదు. వెన్న, పొడి చక్కెర, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే చెరుకు పాకం) తలా 1/3 కప్పు, గిలక్కొట్టిన గుడ్డు ఒకటి, బ్రెడ్ పిండి 7/8 కప్పు, ముక్కలు చేసిన పీకాన్ పప్పు (వాల్‌నట్ లాంటి అమెరికా గింజ) 1 కప్పు. అంతే. బేకింగ్ పౌడరు లేదు, సోడా లేదు, చెప్పిన వరసలో కలిపెయ్యడమే. 7/8 అంటే బెంబేలు పడకండి, కప్పు నిండా తలకొట్టి పోసి రెండు టేబుల్ స్పూన్లు తీసేస్తే అదే. కప్పులూ చెంచాలూ తలకొట్టి కొలవాలని ఊరంతా నేర్పింది కూడా ఈవిడే, లేకపోతే అప్పటి వంటల్లో "కోడిగుడ్డంత వెన్న" అని రాసేవాళ్ళు.

నేను చేశాను కూడా. మనం బ్రౌనీ పైన చూసే పలచటి మెరిసే పొర దీనికి రాదు, పైన ముదురు ఎరుపు, అంచు మాత్రం గట్టిపడి పళ్ళకి అంటుకుంటుంది. వాసన చూస్తే అరిసెల పాకం ఒక్క క్షణం ముదిరిపోయినట్టు ఉంటుంది. మా అబ్బాయి ఒకటి కొరికి "ఇది బ్రౌనీ కాదు" అన్నాడు, మరో రెండు తిన్నాడు.

నిర్వాహకుడు:
అక్కా, అద్భుతం. సమస్యలో విరోధం ఉన్నట్టు కనపడి, నిజానికి లేకపోవడం అంటే ఇదే. ఒక్క చిల్లర దోషం, "తొల్లి" అన్నాక మళ్ళీ "నాడు" వ్యర్థపదం. "బోస్టనందు కూర్చి పుస్తకమ్మున వ్రాసె" అంటే సరిపోతుంది, గణం చెడదు. ఫ్యా-పా యతి చక్కగా కుదిరింది.

పాత పంతులు:
పద్యం బాగుంది అమ్మాయ్, కానీ ఒక అభ్యంతరం. 1896 వంటని బార్ అనొచ్చా? అది ట్రేలో పోసి కోసేది కాదుగా.

మాసచూసెట్స్ అక్క:
నిజమే మాస్టారూ. చిన్న చిన్న లోతు తక్కువ అచ్చుల్లో కాల్చి, ఒక్కోదాని పైన సగం పీకాన్ పెట్టమంది. పళ్ళెంలో పోసి కోసే పద్ధతి అదే పుస్తకం 1906 కూర్పులో వచ్చింది, చాక్లెట్ కూడా అప్పుడే చేరింది. చక్కెర 1 కప్పు, కరిగించిన వెన్న 1/4 కప్పు, గుడ్డు ఒకటి, కరిగించిన తియ్యదనం లేని చాక్లెట్ పలకలు 2, వెనిల్లా 3/4 టీస్పూన్, పిండి 1/2 కప్పు, వాల్‌నట్లు 1/2 కప్పు. 7 అంగుళాల చదరపు పళ్ళెంలో మైనపు కాగితం పరిచి పొయ్యాలి. ఓవెన్ వేడి గురించి "స్లో ఓవెన్" అని రెండు ముక్కలే ఉంటాయి, డిగ్రీలు లేవు. నేను 325 ఫారన్‌హీట్‌లో పెడతాను. బయటికి తీసిన వెంటనే తిరగేసి కాగితం ఊడదీసి, పదునైన కత్తితో కోసెయ్యమని ఆవిడ గట్టిగా హెచ్చరించింది. చల్లారాక చూద్దాంలే అనుకుంటే కాగితం కేకుని పట్టుకుని వదలదు, అప్పుడు ముక్కలు కాదు, పొడుము తింటాం.

గుంటూరు కోడలు:
అక్కా, మీ పద్యం చదివాక ఆగలేకపోయాను. మాకు ఓవెన్ లేదు, మొలాసిస్ ఇక్కడ వీధి కొట్లో దొరకదు, పీకాన్లు కొంటే నెల బడ్జెట్ గల్లంతు. అందుకే ఇలా:

*కుక్కరందు నుప్పు కుమ్మరించితిమమ్మ*
*విజిలు తీసి లోన వేసి గిన్నె;*
*బెల్లమింత, వెన్న, పిండియు, పల్లీలు,*
*చాకొలేటు లేని సరుకె బ్రౌని.*

నిర్వాహకుడు:
యతులు నాలుగూ భేష్. రెండో పాదంలో "వేసి" అన్నారు, వేసి ఏం చేశారు? క్రియ వేలాడుతోంది. "విజిలు తీసి గిన్నె వేసినాము" అని మారిస్తే వాక్యం పూర్తవుతుంది, వి-వే యతి కూడా నిలుస్తుంది.

పద్యానికి సంబంధం లేని మాట ఒకటి. విజిలొకటే కాదు, మూత రబ్బరు కూడా తీసెయ్యాలి, ఉప్పు మీద స్టాండు పెట్టాలి, మంట సన్నగా ఉండాలి. ఆ పనికి పాత కుక్కరు వాడండి, నీళ్ళు లేకుండా అంతసేపు వేడెక్కితే కొత్తది పాడవుతుంది.

మాసచూసెట్స్ అక్క:
చెల్లీ, బెల్లం నేరుగా కొలిస్తే తీపి ఎక్కువవుతుంది. చెరుకు రసం కాచి చక్కెర పలుకులు తీసేశాక మిగిలే జిగట ద్రవం మొలాసిస్, కాబట్టి దానికి చేదు ఉంటుంది, కొంచెం పులుపు కూడా. బెల్లంలో తీపంతా ఉండిపోతుంది. ముదురు రంగు బెల్లం కొద్ది నీళ్ళలో కరిగించి, వడగట్టి, చిక్కబడేదాకా కాచి చల్లార్చాక 1/3 కప్పు పొయ్యి. పొడి చక్కెర సగానికి తగ్గించు. వేడి పాకం పోస్తే గుడ్డు అక్కడే ఉడికి ఆమ్లెట్ అవుతుంది, జాగ్రత్త.

గుంటూరు కోడలు:
అత్తయ్యగారు గుడ్డు ముట్టరు అక్కా, ఆవిడ వాటా ఏం చెయ్యను?

మాసచూసెట్స్ అక్క:
ఈ వంటలో పొంగించేదీ పట్టి ఉంచేదీ ఆ ఒక్క గుడ్డే. తీసేస్తే బిస్కెట్టులా వస్తుంది. ఆవిడకి పల్లీ చిక్కీ ఇచ్చెయ్, గొడవ ఉండదు.

పప్పీ నాన్న:
నా కోణం వేరు:

*కుక్కపిల్ల కేకు కోరె పుట్టినరోజు*
*విషము దానికి గద వేడి కోకొ;*
*డాక్టరన్న మాట దాటక పెట్టితి*
*చాకొలేటు లేని సరుకె బ్రౌని.*

చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ కుక్కల ఒంట్లోంచి తొందరగా పోదు, అందుకని వాటికి అది విషమే. కోకోకి బదులు కరోబ్ అనే చెట్టు కాయల పొడితో చేశాను, పప్పులేవీ వెయ్యలేదు.

నిర్వాహకుడు:
ఊహ చాలా కొత్తగా ఉంది, చదివి నవ్వుకున్నాను. "విషము" అని మొదట ఉలిక్కిపడేలా చేసి మూడో పాదంలో తేల్చడం నచ్చింది. కానీ మూడో పాదంలో యతి తప్పింది. డా-దా చెల్లదు, ఒకటి ట వర్గం, ఒకటి త వర్గం. వినడానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి చాలామంది ఇక్కడే జారతారు. "వైద్యుడన్న మాట వదలక పెట్టితి" అనండి, వై-వ సరిపోతుంది. "వేడి కోకొ"లో వేడి యతి కోసం వచ్చి కూర్చుంది, కోకో చల్లగా ఉన్నా కుక్కకి విషమేగా.

పప్పీ నాన్న:
దొరికిపోయాను. సవరిస్తానండీ.

పాత పంతులు:
క్రమాలంకారంలో నాదొకటి:

*బిడ్డలేమి కోరు? పేద యెవ్వడు, చెప్పు?*
*కొట్టునందు నేది కుప్పవడును?*
*షికగొలోన పుట్టి జేజేలు గొన్నది?*
*చాకొలేటు, లేని, సరుకె, బ్రౌని.*

నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు, అదే వరసలో. మూడో పాదం 1893 సంగతి. షికాగోలో కొలంబియన్ ఎక్స్‌పొజిషన్ అనే ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు, పామర్ హౌస్ హోటల్ యజమాని భార్య బెర్తా పామర్ గారు ఆ హోటల్ వంటవాళ్ళతో, ఆడవాళ్ళు డబ్బాలో పట్టుకెళ్ళి తినగలిగే చిన్న మిఠాయి చేయించారు. పైన వాల్‌నట్లు, ఆప్రికాట్ పూత.

మాసచూసెట్స్ అక్క:
మాస్టారూ, అది హోటల్ వాళ్ళు చెప్పుకునే కథ. ఆ మిఠాయిని అప్పట్లో బ్రౌనీ అని పిలిచారనడానికి ఆధారం ఏదండీ? నేను చూపించింది అచ్చులో ఉంది, తేదీతో సహా.

పాత పంతులు:
పేరు మీ బోస్టన్‌ది, చాక్లెట్ మా షికాగోది అనుకుందాం. మా మనవడు అక్కడే చదువుతున్నాడు, ఊరిని వదులుకోలేను.

నిర్వాహకుడు:
క్రమాలంకారం శుద్ధంగా కుదిరింది మాస్టారూ, బి-పే, షి-జే యతులు కూడా. "పేద యెవ్వడు" కి "లేని" జవాబు కొంచెం తెగినట్టుంది, లేనివాడు అని మనమే పూరించుకోవాలి. షికాగోని "షికగొ" అని కుదించారు, పరభాషా పదం కాబట్టి చెల్లుబాటు చేస్తున్నా. కానీ ఈ పద్ధతిలో సమస్య ముక్కలైపోయి, బ్రౌనీలో చాక్లెట్ లేకపోవడమనే చిక్కు అసలు మిగలదు. నైపుణ్యం మీది, ఈ వారం మొదటి స్థానం మాత్రం అక్కయ్యది. కోడలు గారికి రెండోది, అది కూడా క్రియ సరిచేశాకే.

వచ్చే వారానికి కందం, నాలుగో పాదం ఇస్తున్నా, ప్రాస మ్మ:

*నిమ్మ రసమ్మున జనించె నేతి మిఠాయుల్*

నిమ్మ బార్ చేసేవాళ్ళకి సులువు. అడుగున వెన్న, పిండి కలిపిన పొర ముందుగా కాల్చి, అది వేడిగా ఉండగానే గుడ్లు, చక్కెర, నిమ్మరసం పోసి మళ్ళీ కాలుస్తారు కదా. ఎవరైనా నిమ్మకాయ పచ్చడి మీద రాస్తే ముందే చెప్తున్నా, నెయ్యి ఎక్కడుందో చూపించాలి.