బోర్ల లోతుకు మూడు అక్షాల స్కాటర్ చార్టు రావడం లేదు, సాయం చేయండి

శింగనమల బిడ్డ:
పొద్దున్నుంచి ఇదే పని మీద ఉండా. 64 బోర్లకు అక్షాంశం, రేఖాంశం, లోతు మూడు కాలమ్స్‌లో ఉండాయి. మూడూ సెలెక్ట్ చేసి స్కాటర్ పెడితే రెండు రంగుల్లో రెండు వరసల చుక్కలు వస్తాండాయి గానీ, లోతు కిందికి దిగడం లేదు. 3డీ అని ఉండేదల్లా నొక్కి చూసినా. రాత్రికి ఇయ్యాల.

గూటి కోట:
ఏ సాఫ్ట్‌వేరు? ఏ వెర్షను?

రాతి పొర:
దానికి ముందు, లోతంటే ఏ లోతు? కేసింగ్ (పై మట్టి కూలకుండా దించే పైపు) దిగినదా, మొత్తం వేసినదా, నీళ్లు పడినదా? మన గ్రానైటులో నీళ్లుండేది పగుళ్లలోనే. 600 అడుగులు వేసినా 280 దగ్గరే పడి ఉండొచ్చు. ఇంకోటి, గుట్ట వారన 400 అడుగుల బోరు, వంక పక్కన 400 అడుగుల బోరు ఒకే మట్టంలో ఉండవు. నేల ఎత్తులోంచి లోతు తీసేసి (అడుగులను 0.3048తో గుణించి మీటర్లు చేసి) ఆ మట్టాన్నే గీయాల. లేకుంటే చార్టు బాగుంటాది, అర్థం తప్పుతాది.

పెన్న ఒడ్డు:
ఎక్సెల్ అనుకుని చెప్తాండా. అందులో మూడు అక్షాల స్కాటర్ లేదు. మొదటి కాలమ్‌ను అడ్డం అక్షంగా తీసుకుని, మిగతా రెండిటినీ వేరువేరు సిరీస్‌లుగా గీస్తాది. మీ రెండు వరసలు అవే. 3డీ బబుల్ (బుడగల చార్టు) అనేది ఉత్త నీడ, మూడో అక్షం కాదు.

మనమే తిప్పి గీయాల. డిగ్రీలను మీటర్లు చేయండి: మన దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 1,10,600 మీటర్లు, రేఖాంశం 1,07,700. అక్షాంశం నుంచి వచ్చేది ఉత్తరం, రేఖాంశం నుంచి వచ్చేది తూర్పు. తర్వాత ప్రతి కాలమ్‌లో గరిష్ఠ, కనిష్ఠాల నడిమి విలువ తీసేసి, ఆ రెండిటి తేడాతో భాగించండి. అన్నీ −0.5 నుంచి 0.5 లోపలికి వస్తాయి. ఇది చేయకుంటే వేల మీటర్ల దూరం ముందర లోతు గీతలా అణిగిపోతాది. లోతునే గీస్తే దానికి మైనస్ పెట్టడం మరవద్దు; పైన చెప్పిన మట్టం గీస్తే మైనస్ అక్కర్లేదు, లోతు బదులు దాన్నే వాడండి.

రెండు సెల్స్‌లో కోణాలు పెట్టండి: తిప్పు 30, వంపు 20. వాటిని రేడియన్స్ ఫంక్షన్‌తో మార్చాకే సైన్, కాస్‌లకు ఇయ్యాల.
అడ్డం = తూర్పు × కాస్(తిప్పు) − ఉత్తరం × సైన్(తిప్పు)
నిలువు = (తూర్పు × సైన్(తిప్పు) + ఉత్తరం × కాస్(తిప్పు)) × సైన్(వంపు) + లోతు × కాస్(వంపు)

ఈ రెండు కాలమ్స్‌తో మామూలు స్కాటర్ పెట్టి, రెండు అక్షాలనూ −0.9, 0.9 దగ్గర బిగించండి. ఆటోలో వదిలితే కోణం మార్చినప్పుడల్లా చార్టు ఎగురుతాది. చుట్టూ పెట్టె గీత లేకుంటే ఏ చుక్క ముందుందో కంటికి తెలీదు. 12 అంచులకు రెండేసి మూలలు, అంచుకూ అంచుకూ మధ్య ఒక ఖాళీ వరస పెట్టి, అదే సూత్రంతో గీతల సిరీస్‌గా కలపండి. ఖాళీ వరసలో సూత్రం కూడా ఉండకూడదు.

హంద్రీ నీరు:
ఎక్సెల్‌లో 3డీ లేదనడం తప్పు. సర్ఫేస్ చార్టు ఉంది కదా?

పెన్న ఒడ్డు:
3డీ లేదనలేదన్నా, మూడు అక్షాల స్కాటర్ లేదన్నా. సర్ఫేస్‌కు సమ దూరాల గడుల పట్టిక కావాల. బోర్లు గడుల్లో ఉండవు.

హంద్రీ నీరు:
అయితే బబుల్ పెట్టి సైజులో లోతు చూపించొచ్చు.

పెన్న ఒడ్డు:
చూపించొచ్చు, మైనస్ లేకుండా ఇస్తేనే. ఎక్సెల్ మైనస్ బుడగలను మామూలుగా దాచేస్తాది.

శింగనమల బిడ్డ:
చెప్పడం మరిచినా, నాది లిబ్రేఆఫీస్ కాల్క్. సూత్రాలు పని చేసినాయి గానీ కొన్ని బోర్లకు తప్పు అని వస్తాంది.

గూటి కోట:
లోతు సెల్‌లో “450 అడుగులు” అని కొట్టినారా?

శింగనమల బిడ్డ:
అవునన్నా, 11 అట్ల ఉండాయి. తీసేసినా, వచ్చినాయి. థ్యాంక్స్. నేల ఎత్తు ఫోన్‌లో చూసుకోవచ్చా?

రాతి పొర:
వద్దు. ఫోన్ జీపీఎస్‌లో ఎత్తుకు తప్పు ఎక్కువ. సర్వే ఆఫ్ ఇండియా 50,000 స్కేలు టోపో షీటులో 20 మీటర్లకొక కాంటూరు (ఒకే ఎత్తును కలిపే గీత) ఉంటాది, అది చూడు. నీళ్లు పడిన లోతు సంగతి ఇంకా చెప్పలేదు నువ్వు.