లేబర్ ఎంపీలు వద్దన్నా కోర్బిన్ ఎలా కొనసాగగలిగారు?

బ్రిటన్ రాజకీయాలు తెలిసినవాళ్లు కాస్త వివరిస్తారా? యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న 2016 జూన్ 23 రెఫరెండం తర్వాత అప్పటి ప్రధాని, కన్జర్వేటివ్ నాయకుడు డేవిడ్ కామెరాన్ రాజీనామా ప్రకటించడం వరకు అర్థమైంది. కన్జర్వేటివ్ ఎంపీలు ఓట్లేసి పార్టీ నాయకత్వ పోటీలో ఇద్దరిని మిగిల్చారు. ఆండ్రియా లెడ్సమ్ తప్పుకోవడంతో పార్టీ సభ్యుల ఓటింగే లేకుండా థెరిసా మే జులై 13న ప్రధాని అయిపోయారు. సరే.

నాకు తల తిరిగేది లేబర్ దగ్గర. అప్పటి ప్రతిపక్షం లేబర్ పార్టీ నాయకుడు జెరెమీ కోర్బిన్ మీద సొంత ఎంపీలే 172–40 ఓట్లతో అవిశ్వాసం ప్రకటించారు. అయినా ఆయన కదల్లేదు! లేబర్ ఎంపీ ఓవెన్ స్మిత్ పోటీకి దిగితే సెప్టెంబరులో పార్టీ సభ్యులు, మద్దతుదారులు వేసిన ఓట్లలో దాదాపు 62 శాతంతో మళ్లీ గెలిచారు కూడా. అదే కన్జర్వేటివ్‌లలో అయితే, 2018 డిసెంబరులో మే ఇలాంటి ఓటింగ్‌లో 200–117తో బయటపడ్డారు. ఓడి ఉంటే దిగిపోవాల్సిందే, తర్వాతి పోటీలో నిలబడే వీలు కూడా ఉండదు.

మరి లేబర్ నిబంధనల్లో ఎంపీల అవిశ్వాసానికి విలువే లేదా? పదవిలో ఉన్న నాయకుడు మళ్లీ పోటీ చేయడానికి ఎంపీల నామినేషన్లు (పేరు ప్రతిపాదిస్తూ ఇచ్చే మద్దతు) అక్కర్లేదని పార్టీ జాతీయ కార్యవర్గం తేల్చింది, కోర్టూ దాన్ని సమర్థించింది. ఎంపీలను ఇంత పక్కన పెట్టే పద్ధతి ఎలా వచ్చింది? ఇప్పటికీ అలాగే ఉందా? ఎవరు మంచివాళ్లన్న చర్చ వద్దండీ, నిబంధనల సంగతి చెబితే చాలు.