అప్పుల్లో ఉన్నోడు దశమభాగం ఇస్తే అది విశ్వాసమా, తెలివితక్కువా?

గాజువాక గోల:
అందరికీ వందనాలు. మా బావ గురించి అడుగుతున్నా. ఆటోనగర్‌లో ఒక యూనిట్‌లో వెల్డర్, కొన్నాళ్ళుగా వారంలో రెండు మూడు రోజులే పిలుస్తున్నారు. అక్క పేరు మీద డ్వాక్రా లోన్ ఉంది, అది కాక వారం వడ్డీకి తెచ్చింది వేరే, పిల్లాడి స్కూల్ ఫీజు ఎప్పట్నుంచో బాకీ. ఇవన్నీ అలాగే ఉంచి, వచ్చిన కూలిలో పదో వంతు మాత్రం కవర్లో పెట్టీసి ఆదివారం కానుకల సంచిలో వేసీస్తాడు. మొన్న అక్క బంగారం బ్యాంకులో పెట్టీసారు, పుస్తెలతాడు ఒక్కటే మిగిలింది, ఆ వచ్చిన డబ్బులోంచి కూడా పదో వంతు తీసాడండి బాబూ! ఇదేటి బావా అంటే ఇది శోధన కాలం, ఇప్పుడే నిలబడాలి, మలాకీ 3:10 చదువుకో అంటాడు, పదో వంతు మందిరానికి తెండి, దీవెనలు కుమ్మరిస్తానని దేవుడన్న వచనం అది. నేనూ కానుక ఇస్తాను, ఇవ్వొద్దనట్లేదు. కానీ ఆయన ఇస్తున్నది ఆయన డబ్బు కాదు కదా, అప్పిచ్చినోడి డబ్బు. ఎవరికీ ఏమీ బాకీ ఉండొద్దని రోమా 13:8లో పౌలే రాసాడు. మీరేమంటారు?

పెందుర్తి పెద్దమ్మ:
బాబూ, లెక్క బాగానే చెప్పావు గానీ సారెపతు విధవరాలు ఇలాగే లెక్కేసుకుంటే ఏమయ్యేది? 1 రాజులు 17 చూడు. కరువు, తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె, అది కాల్చుకు తిని కొడుకూ తనూ చచ్చిపోదామనుకుంటోంది, అలాంటిదాన్ని పట్టుకుని ఏలీయా ప్రవక్త మొదట నాకో చిన్న అప్పం చేసి తే అన్నాడు. మొదట! ఆవిడ చేసి పెట్టింది, కరువు తీరేదాకా ఆ పిండీ నూనే అయిపోలేదు. మా అత్తగారు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి సంఘానికని డబ్బాలో వేసేది, గంజి తాగిన రోజుల్లో కూడా మానలేదు. దానివల్లే మేం మేడలు కట్టామని సాక్ష్యం చెప్పనులే, అలా చెప్పేవాళ్ళంటే నాకూ చిరాకే. కానీ కష్టంలో ఆవిడ ఒకరి దగ్గర అబద్ధమాడలేదు, ఒకరి మీద ఏడవలేదు. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను అని రోమా 5లో ఉన్నది ఆవిడలో చూసాను. చేతినిండా జీతం ఉన్నప్పుడు ఎవరైనా ఇస్తారు నాయనా.

మద్దిలపాలెం లాజిక్:
పెద్దమ్మ గారూ, ఏలీయా దగ్గర ఆగిపోయారు, ఆయన తర్వాత వచ్చిన ఎలీషాని కూడా చదవండి. 2 రాజులు 4లో ఇంకో విధవరాలు ఉంది, భర్త పోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోడానికి వచ్చాడు. అచ్చంగా గోల గారి బావ కేసే. అద్భుతం జరిగి పాత్రలన్నీ నూనెతో నిండాయి, అప్పుడు ప్రవక్త ఏమన్నాడు? పోయి నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదాంతో నువ్వూ పిల్లలూ బతకండి అన్నాడు. ఇందులో పదో వంతు తీసి పక్కన పెట్టమని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు, దేవుడు అద్భుతం చేసి ఇచ్చిన డబ్బే ముందు అప్పులవాడికి పోయింది. ఇక మార్కు 7లో కొర్బాను అని చెప్పి, అంటే ఇది దేవుడికి అర్పించేసాం అని చెప్పి అమ్మానాన్నల్ని చూడనోళ్ళని యేసే తిట్టాడు. మలాకీ 3:10 ఎత్తేవాళ్ళు అదే అధ్యాయంలో 5వ వచనం ఎందుకు ఎత్తరో నాకు అర్థం కాదు, కూలివాళ్ళనీ విధవరాళ్ళనీ బాధపెట్టినోళ్ళ మీదకి వస్తానని అక్కడ ఉంది.

రామ్‌నగర్ రౌడీ:
పాస్టర్లకి ఏసీ కార్లు కావాలి కదా, ఇవ్వండి ఇవ్వండి 😂

పెందుర్తి పెద్దమ్మ:
రౌడీ బాబుకి దండం. లాజిక్ గారూ, మాసిదోనియ సంఘాల వాళ్ళ సంగతేంటి మరి? నిరుపేదలు, శ్రమల్లో ఉన్నారు, అయినా శక్తికి మించి ఇచ్చారని 2 కొరింథీ 8లో పౌలు మెచ్చుకున్నాడు కదా.

మద్దిలపాలెం లాజిక్:
మెచ్చుకున్నాడు, కాదనను. అదే అధ్యాయం 12లో, లేనిదాని కొద్దీ కాదు, ఉన్నదాని కొద్దీ ఇస్తేనే ఇష్టం అని కూడా అన్నాడు. పైగా వాళ్ళు ఇచ్చింది యెరూషలేములో తిండికి లేనోళ్ళకి.

జాలరిపేట కుర్రోడు:
మధ్యలో దూరుతున్నా. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్. ఆ రెండు నెల్లూ మా సంఘంలో కవర్ ఊసే ఎత్తరు, వేట మొదలయ్యాక పడిన చేపని బట్టి ఎవడికి తోచింది వాడు తెస్తాడు, దానికెవరూ అవిశ్వాసం అని పేరెట్టలేదు.

నాకు ఈ విషయంలో అపొస్తలుల కార్యములు 27 గుర్తొస్తది, ఓడ అధ్యాయం, మావోళ్ళకి ప్రాణం అది. ఇప్పుడు బయల్దేరొద్దు నష్టం అని పౌలు ముందే చెప్పాడు, ఆయన్ని ఖైదీగా తీసుకెళ్తున్న శతాధిపతి ఓడ నడిపేవాడి మాట, ఓనర్ మాట విన్నాడు, తుఫానులో పడ్డారు. 276 మంది. ఒక్క ప్రాణం కూడా పోదు అని దేవదూత వచ్చి పౌలుకి చెప్పీసాడు. మాట వచ్చీసింది కదా అని ఆయన కళ్ళు మూసుకు కూర్చోలేదు. నావికులు లంగరేస్తున్నట్టు నటించి చిన్న పడవ దించుకుని జారుకోబోతే అదీ కనిపెట్టాడు, వీళ్ళు ఓడలో లేకపోతే మీరు బతకరని సైనికులకి చెప్పాడు. పద్నాలుగు రోజుల్నుంచి తిండి లేదు ముందు తినండి అని రొట్టె విరిచి తనే మొదలెట్టాడు. అందరూ కడుపునిండా తిన్నాకే మిగిలిన గోధుమలు సముద్రంలో పారబోసారు. వాగ్దానం చేతిలో ఉన్నోడే తాళ్ళు చూసుకున్నాడు, తిండి చూసుకున్నాడు. హుద్‌హుద్ తుఫాను అప్పుడు (2014 అక్టోబర్ 12) మా నాన్నావాళ్ళూ అంతే, ముందురోజే బోట్లు పైకి లాగి కట్టీసి, అప్పుడెళ్ళి ప్రార్థనలో కూర్చున్నారు. బావ గారు తాళ్ళు కట్టకుండా కూర్చున్నారేమో అనిపిస్తంది.

లెక్కల పెద్ద:
మా సంఘానికి చాలా ఏళ్ళు ట్రెజరర్‌గా చేసాను, ఎవరి కవర్ ఎందుకు వస్తుందో నాకు బాగా తెలుసు. కొందరు ప్రేమతో ఇస్తారు. కొందరు భయంతో, ఆపితే ఇంకేదో జరుగుతుందని. కొందరు పేరు చదివినప్పుడు తమది లేకపోతే నామోషీ అని. మీ బావ ఏ రకమో మీరూ నేనూ తేల్చలేం. కానీ ద్వితీయోపదేశకాండము 14 చివర చూడండి, మూడేళ్ళకోసారి ఆ దశమభాగం ఊళ్ళోనే ఉంచి, సొంత భూమి లేని లేవీయులూ పరదేశులూ తండ్రిలేనివాళ్ళూ విధవరాళ్ళూ తిని తృప్తి పొందాలని ఉంది. అంటే పని పోయినోడి దగ్గర తీసుకోవడం కాదు, సంఘమే వెళ్ళి వాడి ఇంటి తలుపు కొట్టాలి. మా పెద్దలకి ఇది చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

రెండోది. దావీదు రాజు బలిపీఠం కట్టడానికి వెళ్తే అరౌనా అనే ఆయన తన కళ్ళమూ ఎద్దులూ ఊరికే ఇస్తానన్నాడు,, నాకు ఖర్చు కానిది దేవుడికి అర్పించను అని యాభై తులాల వెండి ఇచ్చి కొన్నాడు (2 సమూయేలు 24). మీ బావ కానుకకి ఖర్చయింది ఎవరికి? మీ అక్క బంగారానికి. ఇంత పొడుగు పోస్ట్ పెట్టారు గానీ గోల గారూ, ఇందులో మీ అక్క మాట ఒక్కటి లేదు. అడిగారా అసలు?

గాజువాక గోల:
అప్పటికి అడగలేదండి. మీరన్నాక సాయంత్రం ఫోన్ చేసి అడిగాను. కానుక ఇవ్వడం నాకూ ఇష్టమేరా, బంగారం పోయినా ఏడవను, కానీ వారం వడ్డీ వాడు గుమ్మం ముందుకొచ్చి అరుస్తుంటే మీ బావ ఇంట్లో ఉండడు, ఏదో ఒక మీటింగ్‌కి వెళ్ళిపోతాడు, నేనూ పిల్లాడే వాడి మాటలు పడాలి అంది. ఇది నాకు తెలీదు.

పెందుర్తి పెద్దమ్మ:
అయితే అది తప్పు బాబూ, దానికి నేను వెనకేసుకు రాను. బలిపీఠం దగ్గర కానుక వదిలి ముందెళ్ళి సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు, మత్తయి 5లో. ఆ కింద వచనమే ప్రతివాదితో దారిలో ఉండగానే తేల్చుకో అని. వడ్డీ వాడికి ఎదురుగా నిలబడి ఇంత ఇవ్వగలను, ఇంత ఇవ్వలేను అని చెప్పమను. ఇవ్వడం మానమని మాత్రం నా నోటితో అనను, తగ్గించుకుంటాడో ఏం చేస్తాడో వాడి మనస్సాక్షి.

మద్దిలపాలెం లాజిక్:
చేతిలో ఏమీ లేకుండా ఎదురుగా నిలబడి ఏం చెప్తాడండి? నిలబడటానికైనా ఆ కవర్ ఆపాలి కదా.

లెక్కల పెద్ద:
ఒక్కడే నిలబడక్కర్లేదు. సంఘ పెద్దల్లో ఒకరిని వెంట పెట్టుకోమనండి, నలుగురు ఉంటే ఆ వడ్డీ వాడి నోరు కూడా కాస్త అదుపులో ఉంటుంది. ముందు ఆ వారం వడ్డీ వదిలించుకోండి, బ్యాంకుది ఆగుతుంది, అది ఆగదు.

గాజువాక గోల:
వాడు శనివారం వసూలుకి వస్తాడట. నేనూ వెళ్తున్నా, బావని ఆ పూట ఏ మీటింగ్‌కీ కదలనివ్వను. వాళ్ళ పాస్టర్ గారికి కూడా రేపు ఫోన్ చేసి రమ్మని అడుగుతా, వస్తారో రారో చూడాలి.