పిల్లల గురకకు ఇంట్లో చేసే నిద్ర పరీక్ష సరిపోతుందా?

ప్రశ్న: ఒక తల్లి, పల్నాడు జిల్లా

నమస్కారం. మా బాబుకు ఆరేళ్లు. జలుబు లేని రోజుల్లో కూడా నోరు తెరుచుకుని గురక పెడతాడు. ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది, డొక్కలు మాత్రం లోపలికి పీక్కుపోతూ ఉంటాయి, ఆ తర్వాత పెద్దగా ఊపిరి తీసుకుని అటు ఒత్తిగిల్లుతాడు. పక్క తడపడం ఎప్పుడో మానేసినవాడు మళ్లీ మొదలుపెట్టాడు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారు చూసి టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) బాగా పెరిగాయని, వాటిని తీసేసే ఆపరేషన్ నిర్ణయించే ముందు స్లీప్ స్టడీ (రాత్రంతా నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) చేయిస్తే మంచిదని అన్నారు. పిల్లలకు ఆ పరీక్ష చేసే ల్యాబు మాకు దగ్గరలో లేదు. మా బావగారికి ఈ మధ్య ఒక సంస్థ ఇంటికే పరికరం పంపి పరీక్ష చేసింది. ఆ రిపోర్టులో నిద్రలో ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు 5 సార్ల లోపు ఉంటే నార్మల్ అని ఉంది. బాబుకు కూడా దానితోనే చేయించి, 5 లోపు వస్తే ఆపరేషన్ ఆలోచన మానుకోవచ్చా?

సమాధానం: స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్, హైదరాబాద్

అమ్మా, ఆ 5 అనే అంకె పెద్దవాళ్లది. పిల్లల్లో గంటకు 1 లేదా అంతకు మించి ఉంటేనే సమస్యగా చూస్తారు, 10 దాటితే తీవ్రమైనదిగా పరిగణిస్తారు. లెక్కపెట్టే పద్ధతి కూడా వేరు: పెద్దవాళ్లలో ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు, పిల్లల్లో రెండు శ్వాసలు తీసుకునేంతసేపు ఆగినా లెక్కే. కాబట్టి మీ బాబుకు 4 వచ్చి, రిపోర్టు మీద నార్మల్ అని ఉంటే, ఆ మాట మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది.

ఇంటి పరికరాల్లో ఎక్కువ వాటికి మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ ఉండదు కనుక, బిడ్డ ఎంతసేపు నిజంగా నిద్రపోయాడో వాటికి తెలియదు. మేలుకుని దొర్లిన సమయాన్ని కూడా కలిపి భాగించడం వల్ల అంకె తగ్గి కనిపిస్తుంది. పైగా చాలామంది పిల్లల్లో ఆక్సిజన్ పెద్దగా పడిపోకముందే లిప్తపాటు మెలకువ వచ్చి ఊపిరి సర్దుకుంటుంది, ఆ మెలకువలు ఈఈజీ లేకుండా దొరకవు. కొందరిలో ఊపిరి పూర్తిగా ఆగకుండా, బరువుగా సాగుతూ కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దాన్ని కొలిచే ఏర్పాటు కూడా ల్యాబులోనే ఉంటుంది. ఇక ముక్కు దగ్గరి గొట్టాన్ని నిద్రలో పీకేయని పిల్లలు అరుదు. ల్యాబులో అయితే గ్రాఫు గీత చదునుగా మారగానే మేము లోపలికి వెళ్లి మళ్లీ అతికిస్తాము, ఇంట్లో ఆ రాత్రి మిగతా రికార్డు పోయినట్టే. ఈ కారణాలతోనే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో పిల్లల్లో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే వ్యాధి) నిర్ధారణకు ఇంటి పరీక్షను సిఫార్సు చేయడం లేదని ప్రకటించింది.

సమాధానం: పిల్లల వైద్యురాలు, విజయవాడ

పై మాటలతో ఏకీభవిస్తూ, ల్యాబు అందుబాటులో లేని కుటుంబాల కోసం కొంత చేరుస్తాను. అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2012 మార్గదర్శకాల ప్రకారం, పూర్తి స్లీప్ స్టడీ వీలుకానప్పుడు రాత్రి వీడియో, రాత్రంతా నమోదు చేసే ఆక్సిమెట్రీ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరీక్ష) వంటివి డాక్టరు పర్యవేక్షణలో వాడవచ్చు. వీటిలో వచ్చే "ఉంది" అనే జవాబుకు బలం ఎక్కువ, "లేదు" అనే జవాబుకు తక్కువ. ఆక్సిజన్ 90 శాతం కిందికి పదేపదే, గుంపులు గుంపులుగా పడిపోతుంటే సమస్య ఉన్నట్టే, చికిత్స త్వరపడాలి. ఆక్సిజన్ గీత సాఫీగా ఉన్నంత మాత్రాన మీరు చెప్పిన లక్షణాలున్న బిడ్డను వదిలేయకూడదు.

2013లో వెలువడిన చాట్ (CHAT) అనే అధ్యయనంలో స్లీప్ ఆప్నియా ఉన్న 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిని పరిశీలించారు. ఏడు నెలల తర్వాత ఆపరేషన్ చేసినవారిలో 79 శాతం మందికి, చేయకుండా కనిపెట్టి చూసినవారిలో 46 శాతం మందికి స్లీప్ స్టడీ మామూలు స్థితికి వచ్చింది. ఆగి చూడటం కొందరి విషయంలో సరైనదేనని దీన్నిబట్టి తెలుస్తుంది, అయితే అది తీవ్రత తెలిశాక తీసుకోవలసిన నిర్ణయం. తీవ్రంగా ఉన్న పిల్లలకు ఆపరేషన్ తర్వాత ఆ రాత్రి ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ కనుక, ఆసుపత్రిలోనే ఉంచి గమనించాలి. రెండేళ్ల లోపు పిల్లలు, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్, ముఖం ఎముకల లోపాలు, కండరాల జబ్బులు, సికిల్ సెల్ అనే రక్త వ్యాధి ఉన్నవారికి మాత్రం, దూరమైనా ల్యాబు పరీక్షే చేయించాలి.

సమాధానం: ఒక తండ్రి, డల్లాస్

మా పాపకు డౌన్ సిండ్రోమ్. అలాంటి పిల్లలకు లక్షణాలు లేకపోయినా నాలుగేళ్ల లోపు స్లీప్ స్టడీ చేయించాలని ఇక్కడి డాక్టర్లు చెబుతారు. మా పాప గట్టిగా గురక పెట్టేది కాదు, కూర్చుని ముందుకు వంగి నిద్రపోయేది. అదీ ఒక గుర్తేనని పరీక్ష అయ్యాకే మాకు తెలిసింది. ల్యాబులో తల్లి గాని తండ్రి గాని పక్కనే పడుకోవచ్చు. వెళ్లే ముందు కొన్ని రాత్రులు నుదుటి మీద, వేలికి చిన్న టేపు అతికించి అలవాటు చేయడం మాకు బాగా పనికొచ్చింది.

తిరిగి ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. ఆ పరికరం తెప్పించడం లేదు. డాక్టరు గారికి చూపించడానికి వీడియో తీయాలంటే ఎప్పుడు, ఎలా తీయాలి?

పిల్లల వైద్యురాలు

తెల్లవారుజామున తీయండి, కలల నిద్ర అప్పుడే ఎక్కువ, ఇబ్బంది కూడా సాధారణంగా అప్పుడే బాగా బయటపడుతుంది. చొక్కా పైకి తీసి ఛాతీ, పొట్ట కనిపించేలా, గురక శబ్దం వినిపించేలా కొన్ని నిమిషాలు ఆపకుండా తీయండి. పెదవులు నీలంగా మారడం గాని, ఊపిరి చాలాసేపు ఆగడం గాని కనిపిస్తే, వీడియో కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.